పారిస్‌కి బయల్దేరే చిన్న ఊరి కుర్రాడు: ఫ్రెంచి నవలలన్నిట్లో ఇతనేనా?

కాగితప్పడవ
వరసపెట్టి మూడు ఫ్రెంచి నవలలు చదివాను, ఇంగ్లిషు అనువాదాల్లోనే. స్టాంధాల్ ‘ది రెడ్ అండ్ ది బ్లాక్’, బాల్జాక్ ‘ఓల్డ్ గోరియో’, మొపాసా ‘బెలామి’. మూడూ అయ్యేసరికి ఒళ్ళు మండింది. మూడింట్లోనూ ఒకడే కుర్రాడు! ఊరు చిన్నది, జేబు ఖాళీ, చూడ్డానికి బావుంటాడు, బుర్ర చురుకు. పారిస్ చేరతాడు, తనకంటే పైనున్న ఇళ్ళల్లో ఆడవాళ్ళని పట్టుకుని ఎక్కేస్తాడు. ఇంతమంది మహా రచయితలు ఒకే కుర్రాడి వెంట ఎందుకు పడ్డారు? పైగా ‘ఓల్డ్ గోరియో’లో కుర్రాడు రాస్తిన్యాక్ గురించి చాలామంది హీరో గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు. ముసలాయన గోరియోని పూడ్చిపెట్టిన సాయంత్రమే, తండ్రి అంత్యక్రియలకి రాని ఆ కూతురింటికే భోజనానికి వెళ్ళినవాడు హీరో ఎలా అయ్యాడో ఎవరైనా చెప్పండి.

పాతపుస్తకాలు
మూడే ఎక్కడ! బాల్జాక్ కంటే వందేళ్ళ ముందే, 1734-35లో మారివో ఇలాంటి నవల మొదలెట్టి మధ్యలో వదిలేశాడు. షాంపేన్ ప్రాంతం రైతు కొడుకు జాకబ్, దొరగారింటికి వైను తోలుకుని పారిస్ వస్తాడు, తనకంటే బాగా పెద్దావిడని పెళ్ళాడి పైకొస్తాడు. మీ లిస్టులో బాల్జాక్ ‘లాస్ట్ ఇల్యూజన్స్’ కుర్రాడు లూసియన్ లేడు, ఫ్లోబేర్ ఫ్రెడెరిక్ మొరో లేడు, జోలా సకార్ లేడు. మొత్తం చదివితే కోపం తగ్గుతుంది, అందరూ ఒకడు కాదని తెలుస్తుంది.

గోదారిగట్టు
డ్యూమా ‘త్రీ మస్కటీర్స్’లో డార్తాన్యాన్‌ని మర్చిపోయారేంటండీ. గాస్కనీ కుర్రాడు, పసుపు రంగు ముసలి గుర్రం, నాన్న ఇచ్చిన 15 ఎక్యూల డబ్బు, ఒక సిఫార్సు ఉత్తరం. ఈ గుర్రాన్ని అమ్మకురా అని నాన్న మరీ మరీ చెప్తే పారిస్ చేరీచేరగానే అమ్మేస్తాడు. చిన్నప్పుడు ఆ పేజీలు చదివి ఎంత నవ్వుకున్నానో.

పాతపుస్తకాలు
@గోదారిగట్టు అతనూ ఆ వంశమే. కానీ డ్యూమా 1844లో రాస్తూ కథని 1625లో పెట్టుకున్నాడు. ఆ కాలంలో కత్తి ఉంటే చాలు, దారి దొరికేది. అందుకే ఆ నవల అంత హాయిగా ఉంటుంది. రాస్తిన్యాక్ కథ జరిగేది 1819లో. అప్పటికి కత్తికి పనిలేదు.

నల్లమలగాలి
ఆ 1819 దగ్గరే అసలు సంగతంతా ఉంది. ఒక తరం పిల్లలు నెపోలియన్‌ని చూస్తూ పెరిగారు. కోర్సికా దీవి నుంచి వచ్చిన కుర్రాడు, 16 ఏళ్ళకి ఫిరంగి దళంలో చిన్న ఆఫీసరు, 35 ఏళ్ళకి చక్రవర్తి. అంతకు మించిన చిన్న ఊరి కుర్రాడు ఎవరున్నారు? 1815లో ఆయన పడిపోయాడు, పాత రాజవంశం తిరిగొచ్చింది, తలుపులన్నీ మూసుకున్నాయి. 1814 చార్టర్ (రాజు ఇచ్చిన రాజ్యాంగం) ప్రకారం ఓటు కావాలంటే 30 ఏళ్ళు నిండాలి, ఏడాదికి 300 ఫ్రాంకుల పన్ను కట్టాలి. పార్లమెంటుకి నిలబడాలంటే 40 ఏళ్ళు, 1,000 ఫ్రాంకులు. దాదాపు మూడు కోట్ల జనంలో ఓటర్లు లక్ష చిల్లర. ఇరవయ్యేళ్ళ వాడికి ఆ దేశంలో మాట్లాడే హక్కే లేదు.

‘ది రెడ్ అండ్ ది బ్లాక్’ కుర్రాడు జూలియన్ సోరెల్ ఈ లెక్కంతా స్వయంగా వేసుకుంటాడు. నెపోలియన్ కాలంలో అయితే సిపాయి అయ్యేవాణ్ణి, ఇప్పుడు నలభయ్యేళ్ళ చర్చి పెద్దలకి లక్ష ఫ్రాంకులు వస్తున్నాయి, అది నెపోలియన్ గొప్ప సేనానులకి వచ్చినదానికి మూడింతలు, కాబట్టి పాదిరీ అవ్వాలి అనుకుంటాడు. నమ్మకం లేని మతంలోకి ఆశ తీసుకెళ్ళింది వాణ్ణి. మొదట్లోనే రంపపు మిల్లు దూలం మీద కూచుని నెపోలియన్ జ్ఞాపకాల పుస్తకం చదువుకుంటుంటే తండ్రి ఒక్క దెబ్బ వేస్తాడు, పుస్తకం వెళ్ళి వాగులో పడుతుంది. నవల మొత్తం ఆ దెబ్బలోనే ఉందని నా నమ్మకం.

కాగితప్పడవ
@నల్లమలగాలి చరిత్ర బాగా చెప్పారు, ఒప్పుకుంటాను. కానీ తలుపులు మూసేస్తే ఆడవాళ్ళని నిచ్చెన చేసుకోవాలా?

లెక్కలమాస్టారు
చేసుకోవాలని బాల్జాక్ అనలేదమ్మా. ఎందుకు చేసుకున్నారో అంకెలతో చూపించాడు. రాస్తిన్యాక్ ఉండే పూటకూళ్ళ ఇంట్లోనే ఉండే వోత్రాన్, తోటలో అతనికి చేసిన బోధ మళ్ళీ ఒకసారి చదువు. నువ్వు లా చదువు, బుద్ధిగా కష్టపడు, ముప్ఫై ఏళ్ళకి ఏదో ఊళ్ళో 1,200 ఫ్రాంకుల జీతానికి జడ్జివి అవుతావు అంటాడు. 1,200 అంటే ఎంతో గుర్తుందా? రాస్తిన్యాక్ చదువుకి ఇంటినుంచి ఏడాదికి వచ్చేది కూడా సరిగ్గా అంతే. అంటే పదేళ్ళు చదివి, మళ్ళీ ఇప్పుడున్న చోటికే!

ఇంకోవైపు విక్టొరీన్ అనే పిల్ల అదే పూటకూళ్ళ ఇంట్లో ఉంది. ఆ అమ్మాయి అన్న చచ్చిపోతే తండ్రి ఆస్తి ఆమెకొస్తుంది. అన్నని ద్వంద్వయుద్ధంలో చంపించే పని నేను చూసుకుంటా, పిల్లని నువ్వు చేసుకో, పది లక్షల కట్నంలో నాకు రెండు లక్షలు పడెయ్ అంటాడు. నీలాంటివాళ్ళు 50 వేలమంది ఉన్నారు, మంచి ఉద్యోగాలు 50 వేలు లేవు, కుండలో సాలీళ్ళలాగా ఒకళ్ళనొకళ్ళు తినాల్సిందే అన్నది అక్కడే. తోమా పికెట్టీ అనే ఆర్థికవేత్త 2013లో సంపద మీద రాసిన పెద్ద పుస్తకంలో ఈ ఘట్టాన్ని పట్టుకుని ఎన్నో పేజీలు నడిపాడు. కష్టార్జితం, వారసత్వం, ఈ రెండిట్లో ఏది ఎక్కువ పెడుతుంది అన్నదే ఆయన ప్రశ్న. 1819లో జవాబు స్పష్టం.

రాస్తిన్యాక్ ఆ హత్యకి ఒప్పుకోలేదు. ఆ సంగతి కూడా వాడి ఖాతాలో వెయ్యాలి.

గోదారిగట్టు
ఒప్పుకోలేదు సరే, ఆపనూ లేకపోయాడు కదండీ. హెచ్చరిద్దామనుకున్న రాత్రే వోత్రాన్ మత్తు కలిపిన వైను తాగించి పడుకోబెట్టేశాడు.

మెతుకుసీమ
నాకు ఆడవాళ్ళ ముచ్చట కంటె ఇంటి ముచ్చట ఎక్కువ గుచ్చుకున్నది. రాస్తిన్యాక్ బట్టలు కుట్టించుకోనీకి అమ్మకు ఉత్తరం రాస్తడు. 1,200 ఫ్రాంకులు కావాలె, నాయినకు చెప్పకు, పైసలు రాకుంటె తల కాల్చుకునేటంత నిరాశల పడత అని. చెల్లెండ్లకు వేరే ఉత్తరం, వాళ్ళు దాసుకున్న చిల్లర కోసం. ఇంటిల్లిపాది ఏడాది ఆమ్దానీ 3,000. అండ్ల నుంచె వీనికి పంపుతరు. అమ్మ సొమ్ములు అమ్మింది, మేనత్త ఎన్నటివో జ్ఞాపకాలు అమ్మింది, చెల్లెండ్లు 350 జమచేసిన్రు. మొత్తం 1,550. పైసలు చేతికి రాంగనే వీడు ఏడుస్తడు, ఏడ్చి దర్జీని పిలుస్తడు.

నేను హైదరాబాద్ అశోక్‌నగర్ల గ్రూప్స్ కోచింగ్‌కి ఉన్నప్పుడు మా అమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టి పంపింది. నాకు చెప్పలే. పండుగకు ఇంటికి పోతె మెడల పసుపుతాడు కనవడ్డది. ఆ ఉత్తరాలు చదువుతుంటె పుస్తకం పక్కకు పెట్టిన, ఆ రోజు మల్ల ముట్టలే. కాగితప్పడవ అక్కా, వాడు హీరో కాదు. కాని వాడు నాకు తెలుసు.

కాగితప్పడవ
@మెతుకుసీమ ఆ ఉత్తరాల పేజీలు నేను గబగబా తిప్పేశాను తమ్ముడూ. ఈ వారం మళ్ళీ చదువుతాను.

సంపెంగ
దర్జీ మాటొచ్చింది కాబట్టి, అదే నవల్లో దర్జీ గురించి రాస్తిన్యాక్ అనే మాట నాకు భలే ఇష్టం. ఆయన కుట్టిన రెండు ప్యాంట్లు తలా ఇరవై వేల ఆదాయమున్న పెళ్ళిళ్ళు కుదిర్చాయట!

లెక్కలమాస్టారు
బట్టలే కాదు, బురద కూడా. రాస్తిన్యాక్ మొదటిసారి గోరియో పెద్ద కూతురు రెస్తో దొరసాని ఇంటికి నడిచి వెళ్తాడు. బూట్లకి బురద అంటకుండా ఆచితూచి అడుగేస్తూ, ఆవిడతో ఏం మాట్లాడాలో మనసులో వల్లె వేసుకుంటూ. ఆ ఆలోచనలోనే బురద తొక్కేస్తాడు. పాలే రాయల్ దగ్గర ఆగి బూట్లు పాలిష్ చేయించి, ప్యాంటు దులిపించుకుంటాడు. చేతిలో ఉన్న నాణెం మార్చాల్సి వస్తుంది. ఇంత చేసినా, వాకిట్లో బండి చప్పుడు వినపడకుండా మనిషి నడిచొచ్చాడని నౌకర్లు ఒక చూపు చూస్తారు. అప్పుడర్థమవుతుంది వాడికి, పారిస్‌లో బండి లేనివాడికి ప్రేమించే అర్హత కూడా లేదని. కాలికి అంటిన బురదతో ఆర్థికశాస్త్రం చెప్పిన రచయిత బాల్జాక్ ఒక్కడే.

యానాంరేవు
మాది యానాం. తాతగారి కాలంలో అక్కడ బళ్ళో చదువు ఫ్రెంచిలోనే. 1954 వరకు అది ఫ్రెంచివాళ్ళ ఏలుబడే కదా. నేనిప్పుడు బోర్దోలో ఉంటాను. పారిస్ వెళ్ళే రైలు దారిలోనే అంగులేమ్ తగుల్తుంది, రాస్తిన్యాక్ వాళ్ళదీ లూసియన్‌దీ ఆ ప్రాంతమే. ఒకసారి దిగి చూశాను. పాత ఊరు కొండ మీద, కోట గోడల మధ్య. కింద నది ఒడ్డున లూమో పేట. లూసియన్ పుట్టింది కింద పేటలో, మందుల షాపాయన కొడుకు. పైనుండేది కులీనులు, అధికారులు. ‘లాస్ట్ ఇల్యూజన్స్’ మొదటి భాగమంతా ఆ ఎత్తుపల్లాల గురించే. కింది నుంచి పైకి ఆ వాలు దారి ఎక్కితే తెలుస్తుంది, లూసియన్ పారిస్ వెళ్ళకముందే సగం ప్రయాణం చేసేశాడని. పై ఊళ్ళో కులీన ఇల్లాలు మదామ్ బార్జెతో సావిడిలోకి కవిగా అడుగు పెట్టడం వాడికి మొదటి పారిస్.

రాత్రిబండి
లూసియన్ పేరెత్తారు కాబట్టి నేనూ వస్తున్నా. వీళ్ళందరిలో నిజంగా ప్రతిభ ఉన్నవాడు అతనొక్కడే. కవిత్వం రాశాడు, నవల రాశాడు. పారిస్‌లో రెండు దారులు కనపడ్డాయి. ఒకటి దార్తెజ్ బృందం, చలిగదిలో కూచుని ఏళ్ళ తరబడి పనిచేసేవాళ్ళు. రెండోది పత్రికలు, ఒక్క రాత్రిలో పేరు, డబ్బు, నటి ప్రేమ. రెండోదాంట్లోకి దూకాడు. పొద్దున ఒక పుస్తకాన్ని చీల్చి చెండాడి, మర్నాడు దాన్నే పొగుడుతూ రాయడం నేర్చుకున్నాడు. చివరికి ఆ నటి కొరాలి చచ్చిపోయింది. ఖననానికి డబ్బుల్లేవు. ఆ రాత్రి శవం పక్కన కొవ్వొత్తుల వెలుగులో కూచుని తాగుబోతు పాటలు రాశాడు, పొద్దున్నే అమ్ముకోడానికి. కవి బతుకు గురించి అంతకంటే నిర్దయగా రాసిన పేజీ నేనెక్కడా చదవలేదు. రాస్తిన్యాక్ గెలిచాడు కాబట్టి అందరికీ అతనే గుర్తు. నాకు మాత్రం లూసియన్.

లెక్కలమాస్టారు
@రాత్రిబండి ఆ పేజీ గొప్పదే. కానీ లూసియన్ మీద మరీ జాలి వద్దు బాబూ. బావగారు దావిద్ సంతకం ఫోర్జరీ చేసి వెయ్యి ఫ్రాంకుల చొప్పున మూడు బిల్లులు పుట్టించాడు. దాంతో దావిద్ జైలు పాలయ్యాడు. చెల్లెలు ఏవ్, తల్లి, బావ ముగ్గురూ ఉన్నదంతా ఊడ్చి వీణ్ణి పారిస్ పంపారు. ప్రతిఫలం ఇదీ.

రాత్రిబండి
నేను జాలి పడమనలేదు మాస్టారూ. ప్రతిభ ఉన్నవాడు ఎలా పాడవుతాడో అంగుళం అంగుళం చూపించాడంటున్నా. ఊరికి తిరిగొచ్చేటప్పుడు వాడు ఒక బండి వెనక సామాన్ల మధ్య దాక్కుని వస్తాడు. ఆ బండిలో ముందు కూచున్నది ఎవరు? ఒకప్పుడు తనని పారిస్ తీసుకెళ్ళిన మదామ్ బార్జెతో, ఇప్పుడు వేరొకరి భార్య, జిల్లా పెద్ద అధికారి పెళ్ళాం. అంతకంటే పెద్ద శిక్ష ఏం కావాలి? తర్వాతి నవల్లో 1830లో జైలు గదిలో ఉరేసుకున్నాడు కూడా.

సంపెంగ
ఇంతసేపూ అబ్బాయిల ముచ్చటే. కాగితప్పడవ అడిగిన ఆడవాళ్ళ సంగతికొద్దాం. ఇదే ఆశ, ఇదే చిన్న ఊరు ఒక అమ్మాయికి ఉంటే ఏమవుతుంది? ఫ్లోబేర్ 1857లోనే రాశాడు, పేరు ఎమ్మా బోవరీ. ఆమె పారిస్ మ్యాపు ఒకటి కొనుక్కుంటుంది. నార్మండీలో ఒక పల్లెటూరి డాక్టరు ఇంట్లో కూచుని, ఆ మ్యాపు మీద వేలి కొసతో వీధులెంట తిరుగుతుంది. ప్రతి మలుపు దగ్గరా ఆగుతుంది, ఇళ్ళని గుర్తుపెట్టే తెల్లటి చతురస్రాల ముందు నిలబడుతుంది. కళ్ళు అలిసిపోతే మూసుకుంటుంది, చీకట్లో గ్యాసు దీపాలు కనపడతాయి. పారిస్ ఫ్యాషన్ పత్రికలకి చందా కడుతుంది, ఏ నాటకం ఎక్కడ మొదలైందో అన్నీ చదువుతుంది. అయినా ఒక్కసారి కూడా పారిస్ వెళ్ళలేదు. రాస్తిన్యాక్‌కి ఉన్నంత ఆకలి ఈమెకీ ఉంది. అతని ఆకలి లక్ష్యమైంది, ఈమెది రోగం అయింది, లోకం దృష్టిలో.

కాగితప్పడవ
@సంపెంగ నేను అడగాలనుకున్నది ఇదే, నాకు ఇలా మాట రాలేదు. మ్యాపు పేజీ ఎన్నో అధ్యాయం?

సంపెంగ
మొదటి భాగం చివరి అధ్యాయం. కులీనుల ఇంట్లో నాట్య విందు నుంచి తిరిగొచ్చిన తర్వాత.

నల్లమలగాలి
ఇంకో అభ్యంతరం. అందరూ జూలియన్‌ని రాస్తిన్యాక్‌తో, ‘బెలామి’ కుర్రాడు దురువాతో ఒకే గాటన కట్టేస్తున్నారు. నాకది మింగుడు పడదు. జూలియన్ అన్నీ గెలిచాడు. మార్కీ కూతురు మతిల్ద్‌తో పెళ్ళి ఖాయం, సైన్యంలో ఆఫీసరు హోదా, కొత్త పేరు. ఆ సమయంలో వెళ్ళి చర్చిలో, ఒకప్పుడు తను పిల్లలకి పాఠాలు చెప్పిన ఇంటి ఇల్లాలు మదామ్ రెనాల్ మీద పిస్తోలు పేల్చాడు. ఆమె బతికింది. కోర్టులో ప్రాణం దక్కించుకునే అవకాశం ఉన్నా లేచి నిలబడి, జ్యూరీలో పైకొచ్చిన రైతు ఒక్కడూ లేడు, కోపమొచ్చిన డబ్బున్న మారాజులే ఉన్నారు, నా నేరం కింద పుట్టి పైకి రావాలనుకోవడం అని మొహం మీద చెప్పాడు. పైకి రావడమే పరమార్థం అనుకునేవాడు ఆ మాటలంటాడా?

స్టాంధాల్ దీన్ని గాల్లోంచి తీసుకోలేదు. ఆయన ఊరు గ్రెనోబుల్. ఆ దగ్గర్లోనే బ్రాంగ్ అనే ఊళ్ళో ఆంత్వాన్ బెర్తే అనే కమ్మరి కొడుకు, ఒక ఇంట్లో పిల్లలకి పాఠాలు చెప్పినవాడు, 1827లో ఆ ఇల్లాలిని చర్చిలో కాల్చాడు. 1828లో గ్రెనోబుల్‌లో తల తీశారు. నవల వచ్చింది 1830లో.

గోదారిగట్టు
@నల్లమలగాలి జూలియన్ తండ్రి మాత్రం గట్టి మనిషండీ. మేయరుగారు కొడుక్కి 300 ఫ్రాంకులిస్తానంటే గీచి గీచి బేరమాడి 400 చేశాడు.

పాతపుస్తకాలు
కాలం మారేకొద్దీ ఈ కుర్రాడు ఎలా మారాడో చూడండి. ఫ్లోబేర్ ‘సెంటిమెంటల్ ఎడ్యుకేషన్’ 1869లో వచ్చింది. కథ 1840 సెప్టెంబర్ 15న పారిస్ రేవులో స్టీమరు మీద మొదలవుతుంది. గమనించారా, కుర్రాడు పారిస్ వస్తూ కాదు, పారిస్ నుంచి సొంతూరు నోజాన్ వెళ్తూ కనపడతాడు! స్నేహితుడు దెలోరియే అతనికి సలహా ఇస్తాడు: బాల్జాక్ రాస్తిన్యాక్‌ని గుర్తుచేసుకో, నువ్వూ నెగ్గుతావు అని. అంటే అప్పటికే కుర్రాళ్ళు నవల చదువుకుని దాని ప్రకారం బతకాలని చూస్తున్నారు. ఫ్రెడెరిక్‌కి బాబాయి ఆస్తి కలిసొచ్చింది, పారిస్ ఉంది, 1848 విప్లవం కళ్ళముందే జరిగింది. ఏదీ పట్టుకోలేకపోయాడు. డబ్బు లేకపోవడం ఒక్కటే అడ్డు కాదని ఫ్లోబేర్ రుజువు చేశాడు.

రాత్రిబండి
అడియాసలన్నిట్లో నన్ను బాగా కుంగదీసింది ఫ్రెడెరిక్‌దే. చదివి చాన్నాళ్ళు ఇంకో నవల ముట్టుకోలేకపోయా.

లెక్కలమాస్టారు
1885కి వచ్చేసరికి ‘బెలామి’ దురువా. జూన్ 28, జేబులో మూడు ఫ్రాంకుల నలభై సాంతీములు, నెలాఖరు దాకా అవే. రెండు భోజనాలా, రెండు టిఫిన్లా అని వీధిలో నిలబడి లెక్కేసుకుంటాడు. రైల్వే ఆఫీసులో ఏడాదికి 1,500 జీతం. రాస్తిన్యాక్‌కి మనస్సాక్షితో పోరాటం ఉంది, దురువాకి ఆ బాధే లేదు. మొదటి వ్యాసం కూడా వేరొకరి భార్య రాసిపెట్టింది. అల్జీరియాలో సిపాయిగా చేసిన దోపిడీలు గుర్తొస్తే నవ్వుకుంటాడు.

మెతుకుసీమ
మాస్టర్ సాబ్, ఒక్క మాట. అంత నీచుడైన దురువానే ఇంటికి పైసలు పంపుతడు. ఆఖరి పేజీలల్ల, మదలేన్ చర్చిల రెండో పెండ్లి అయితుంటె, ఊర్ల చిన్న హోటల్ నడుపుకునే అమ్మా నాయిన యాదికొస్తరు. ఇంతకు ముందు అయిదు వేలు పంపిన, ఇప్పుడు యాభై వేలు పంపుత, చిన్న జాగ కొనుక్కుంటరు అనుకుంటడు. మొపాసా ఆ ముక్క ఎందుకు పెట్టిండో నాకు సమజ్ కాలె, కాని పెట్టిండు.

లెక్కలమాస్టారు
మంచి మాట పట్టావు. రాస్తిన్యాక్ కూడా తర్వాతి నవలల్లో చెల్లెళ్ళకి కట్నాలిచ్చి పెళ్ళిళ్ళు చేస్తాడు. ఆ డబ్బు బ్యాంకరు నూసింజెన్ చేసిన దివాలా మోసంలో చెయ్యి కలిపి సంపాదించింది. అంటే ఆ 350 ఫ్రాంకులు వడ్డీతో సహా తిరిగొచ్చాయి, కానీ ఎవరెవరో అమాయకుల డిపాజిట్లలోంచి. చివరికి మంత్రి కూడా అయ్యాడు, తన ప్రియురాలు, గోరియో కూతురు దెల్ఫీన్ కన్న కూతుర్నే పెళ్ళాడాడు.

కాగితప్పడవ
ఏంటి, కూతుర్నా!? నా మొదటి ప్రశ్నకి జవాబు దొరికినట్టే, మాస్టారూ. హీరో కాదు.

యానాంరేవు
ఇక్కడ రాజకీయాల్లో ఎవరైనా చిన్న ఊరి నుంచి వచ్చి గబగబా పైకొస్తే పత్రికలవాళ్ళు ఇప్పటికీ ‘ఒక రాస్తిన్యాక్’ అని రాస్తారు. పొగడ్తా కాదు, పూర్తిగా తిట్టూ కాదు. ఆ రోజుల్లోనే నిజమైన మనిషి కూడా ఉన్నాడు. ఆదోల్ఫ్ తియేర్, మార్సెయ్‌లో పుట్టి, లా చదివి, 1821లో పారిస్ చేరాడు. పత్రికల్లో రాసి, మంత్రై, 1871లో దేశాధ్యక్షుడయ్యాడు. రాస్తిన్యాక్‌కి మూలం ఆయనే అంటారు చాలామంది.

ఇప్పటి నవలల్లో ఈ కథని తిరగేసి రాస్తున్నారు. ఆనీ ఎర్నో (2022 నోబెల్) నార్మండీలోని ఇవ్‌తో ఊళ్ళో కిరాణా కొట్టు, కాఫీ హోటలు నడిపినవాళ్ళ కూతురు. 1983లో తండ్రి మీద రాసిన చిన్న పుస్తకంలో, చదువుకుని పైకెళ్ళిన కూతురు వెనక్కి తిరిగి ఆ కొట్టు వైపు చూస్తుంది. సంపెంగ గారూ, ఎమ్మా వెళ్ళలేకపోయిన దారిలో వెళ్ళిన అమ్మాయి రాసిన పుస్తకం అది. తప్పకుండా చదవండి.

సంపెంగ
ఇంగ్లిషులో ఉందిగా? ఈ రాత్రే మొదలెడతా.

వేమవరం
కొత్తగా చేరాను, అంతా చదివాను. ఒక్కటే అడుగుతా, ఏది ముందు చదవాలి?

నల్లమలగాలి
‘ది రెడ్ అండ్ ది బ్లాక్’.

రాత్రిబండి
కాదు, ‘లాస్ట్ ఇల్యూజన్స్’. పొడుగుగా ఉందని భయపడకు. కాగితం ఎలా తయారవుతుంది, అచ్చు యంత్రం ఎలా తిరుగుతుంది, సమీక్షలు ఎలా అమ్ముడుపోతాయి, అన్నీ దాంట్లో ఉన్నాయి.

లెక్కలమాస్టారు
‘ఓల్డ్ గోరియో’తో మొదలెట్టు బాబూ. నిడివి తక్కువ, మిగతా అన్నిటికీ తలుపు అదే. బాల్జాక్ పాత్రల్ని ఒక నవల్లోంచి ఇంకో నవల్లోకి నడిపించడం గట్టిగా మొదలైంది కూడా దాంతోనే.

మెతుకుసీమ
లూసియన్ పుస్తకం మూడో భాగం గురించి ఎవ్వరూ మాట్లాడలేదు. అది మొత్తం ఊర్ల ఉన్నోళ్ళ కథ. బావ దావిద్ చవుకల కాగితం తయారుచేసే పద్ధతి కనిపెడ్తడు. పోటీ ప్రెస్సోళ్ళు కోయింతే అన్నదమ్ములు, సొంత లాయరు కలిసి వాని కనిపెట్టిన పనిని గుంజుకుంటరు. ఏవ్ చంటిపిల్లగాన్ని పట్టుకుని ప్రెస్ నడుపుకుంట క్యాలెండర్లు అచ్చేసి అమ్ముతది. పారిస్ పోయినోని కంటె వీళ్ళదే నాకు పెద్ద కథ. రాత్రిబండి అన్నా, నువ్వు చదివినవు కద, ఆ భాగం గురించి రాయరాదు.

రాత్రిబండి
రాస్తా తమ్ముడూ. రేపు ఆదివారం, కొత్త చర్చ తెరుస్తాను, దావిద్ పేరు మీదే.